లేఖనాలు ఎవరిని చూపిస్తున్నాయి?



మన సంఘాల్లో ‘వాక్యము’ అనే మాటను ఎన్ని రకాలుగా వాడుతున్నామో గమనించారా? “ఈ ఆదివారం వాక్యం ఎవరిదండీ?” అంటే ప్రసంగం. “వాక్యం తీయండి” అంటే వచనం. “వాక్యానుసారంగా బ్రతకాలి” అంటే బైబిలంతా. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో మాత్రం అదే మాట ఒక వ్యక్తిని చూపిస్తుంది. ఆదిలో తండ్రి యొద్ద ఉండి, శరీరధారియై మన మధ్యకు వచ్చినవాడు ఆయన. గ్రీకులో అక్కడున్న మాట లోగోస్. వ్రాయబడినదానికి క్రొత్త నిబంధనలో సాధారణంగా గ్రఫే అనే వేరే మాట ఉంటుంది. దాన్నే మనం లేఖనము అంటాం. సెమినరీలో ఈ రెండు మాటలూ పరీక్ష కోసం బట్టీ పట్టాం. వాటికి ఎంత తేడా ఉందో సంఘంలో పనిచేయడం మొదలుపెట్టాకే తెలిసింది.

యోహాను 5వ అధ్యాయం చూడండి. బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్ళుగా వ్యాధితో ఉన్న మనిషి ప్రభువు మాటకు లేచి, పరుపెత్తుకొని నడిచాడు. ఆ రోజు విశ్రాంతిదినం. ఎదురైన యూదులు అతని కాళ్ళు చూడలేదు, పరుపు చూశారు. నిన్ను బాగుచేసింది ఎవరని అడగలేదు, పరుపు మోయమన్నది ఎవరని అడిగారు. వాళ్ళకు వచనం తెలియక కాదు. విశ్రాంతిదినాన బరువులు మోయవద్దని యిర్మీయా 17వ అధ్యాయంలో ఉంది. అదే అధ్యాయం చివర్లో ప్రభువు వాళ్ళతో చెప్పిన సంగతి 39, 40 వచనాల్లో చదువుకోండి. లేఖనాలన్నీ వెదికారు గానీ, అవి ఎవరిని గూర్చి సాక్ష్యమిస్తున్నాయో ఆయన దగ్గరికి రావడానికి వాళ్ళకు మనసు రాలేదు.

అలాగని, “మాతో ప్రభువే నేరుగా మాట్లాడతాడు, పుస్తకం ఎందుకు?” అనేవారితో మేము ఏకీభవించము. అరణ్యంలో శోధన వచ్చినప్పుడు ప్రభువు మూడుసార్లూ ద్వితీయోపదేశకాండములోనుంచే జవాబిచ్చాడు. (అపవాది కూడా 91వ కీర్తన ఎత్తాడు, అది మరువకండి.) ఎమ్మాయు దారిలో తిరిగి లేచిన ప్రభువే పక్కన నడుస్తూ కూడా మోషే మొదలుకొని వివరించాడు. పుస్తకం పక్కన పెడితే ఎవరికి నచ్చిన యేసును వాళ్ళు చేసుకుంటారు. మార్టిన్ లూథర్ పాత నిబంధనకు వ్రాసిన ముందుమాటలో ఆ లేఖనాలను క్రీస్తు పడుకొనియున్న పొత్తిగుడ్డలతో, తొట్టితో పోల్చాడు. గొల్లలకు ఇచ్చిన ఆనవాలు అదే గదా. ఆ ఆనవాలు పట్టుకొని వెళ్ళి వాళ్ళు చూసింది మాత్రం బిడ్డను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా సంఘంలో ఒక సహోదరుడు ఏళ్ళ తరబడి తాగి, ఇల్లు గుల్ల చేసుకొని, ఈ మధ్యే మానేశాడు. ఆరాధనకు భార్యాపిల్లలతో వస్తున్నాడు. ప్రభువు బల్లలో చేయి వేయాలని అడిగాడు. పెద్దల కూటంలో ఒక పెద్దాయన మొదటి కొరింథీయులకు 11వ అధ్యాయం తీసి, అయోగ్యముగా తీసుకోవడం గురించిన వచనం చదివి, “అయ్యగారూ, ఇది నా మాట కాదు, వాక్యమే చెబుతోంది” అన్నారు. ఆయన భక్తిని మేము శంకించము. తెల్లవారుజామున మోకరించే మనిషి. అదే అధ్యాయం కాస్త పైనుంచి చదవమన్నాము. పౌలు గద్దించింది ఎవరిని? ముందే కూర్చుని కడుపునిండా తిని, లేనివారిని ఆకలితో ఉంచి సిగ్గుపరచినవారిని. కూటంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయన మాత్రం, “ఇంకో ఆరు నెలలు చూద్దామండీ” అన్నారు. తీర్మానం కాకుండానే లేచాము.

ఆ సహోదరునికి ఇంకా ఏ జవాబూ చెప్పలేదు. వచ్చే ఆదివారం బల్ల ఉంది, శనివారం రాత్రి పెద్దలు మళ్ళీ కూడుకుంటున్నారు. అతని కొరకు, ఆ పెద్దాయన కొరకు, మా కొరకు ప్రార్థన చేయండి.