గీటురాయికి పరీక్ష

ఈ ఊరివారికి గీటురాయిని గూర్చి నేను చెప్పనక్కరలేదు. ఒకే నగను గీచినప్పుడు ఒకమారు మేలిమి యనియు, మరల గీచినప్పుడు కల్తీ యనియు తోచినచో కంసాలి యేమి చేయవలెను? నగను శంకింపవలెనా, రాయిని శంకింపవలెనా? గణకయంత్రముల పనిలో ఈ చిక్కు నిత్యము కలుగుచుండునట. దానిని నాకు విప్పి చెప్పినవాడు మన పాఠశాలలోనే తెలుగు మాధ్యమమున చదివిన పూర్వ విద్యార్థి.

అతడు మారికుప్పమునుండి ప్రతిదినము రైలుబండిలో బెంగళూరునకు పోయి వచ్చుచుండును. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడిన పిమ్మట ఈ బండియే మనలో పెక్కు ఇండ్లకు అన్నము పెట్టుచున్నది. అతని ఉద్యోగము బ్రౌజరు ఇంజనును పరీక్షించుట. మనము సెల్‌ఫోనులో ఒక పుటను తెరచినప్పుడు, దానిని చదివి, ఏ అక్షరము ఎచ్చట నిలువవలెనో కొలిచి, తెరపై చిత్రించు భాగమే ఇంజను. క్రోములోని దానికి బ్లింక్ అనియు, ఫైర్‌ఫాక్సులోని దానికి గెకో అనియు, సఫారీలోని దానికి వెబ్‌కిట్ అనియు పేర్లు. వీనిలో ఎంత చిన్న మార్పు చేసినను వేలకొలది పరీక్షలు వానియంతట అవియే నడచును. పుటను చిత్రింపజేసి, సరియని ముందే నిర్ణయించి యుంచిన చిత్రముతో పోల్చుట వానిలో ఒక విధము. సరిపోయినచో ఉత్తీర్ణము, లేనిచో తప్పినది.

వింత యేమనగా, ఇంజనులో ఒక్క అక్షరమైనను మార్చకున్నను, అదే పరీక్ష ఒకమారు నెగ్గి మరియొకమారు తప్పుచుండును. ఆంగ్లమున దీనిని ఫ్లేకీ పరీక్ష యందురు. నేను నిలకడ లేని పరీక్ష యందును. తమ పరీక్షలలో నూటికి సుమారు 16 ఏదో యొక మేరకు ఇట్టివేయని గూగులు సంస్థవారు 2016లో ప్రకటించిరి. తిరుపతిలో నేను ఉపాధ్యాయ శిక్షణ పొందునప్పుడు, ఒకే సమాధాన పత్రమును ఇద్దరు దిద్దినచో రెండు విధములుగా మార్కులు పడుట మాకు చూపి, దీనినే విశ్వసనీయతా లోపమందురని బోధించిరి. కనుక ఈ వ్యాధి నాకు క్రొత్తది కాదు. యంత్రములకును కలదని మాత్రము అప్పుడే వింటిని.

ఈ పనిలో నున్నవారికి ఒక దురలవాటు కలదట. పరీక్ష తప్పినచో, నెగ్గువరకు మరల మరల నడిపింతురు. ముహూర్తము కుదురువరకు పంచాంగములు మార్చుట వంటిదిది.

గడచిన దసరా సెలవులలో అతడు మా యింటికి వచ్చి, "సార్, మన అక్షరాలను పరీక్షించేది మా దగ్గర ఒక్కటే ఉంది. దాన్ని కూడా పక్కన పెట్టెయ్యమంటున్నారు" అని వాపోయెను. ఆ పరీక్షలో లక్ష్మి, జ్యోత్స్న, రాష్ట్రము వంటి సంయుక్తాక్షరముల పంక్తులు కలవు. అది కొన్ని పదుల మార్లకు ఒకమారు తప్పుచుండెను. పైయధికారి దానిని లెక్కింపనక్కరలేని వాని పట్టికలో చేర్చుమనెను. ఇతడు రెండు దినములు గడువు వేడెను.

మొదట అతడు తప్పిన చిత్రములను మాత్రమే ఏరి ప్రక్కప్రక్కన పెట్టెను. అన్నింటను తప్పు ఒక్క తీరుననే యున్నది: ఒత్తులు ప్రక్క అక్షరముపైకి ఎక్కినవి. గాలివాటపు తప్పైనచో ఒక్కొక్కమారు ఒక్కొక్క తీరున నుండవలదా? తరువాత, దీనికి ముందు ఏ పరీక్ష నడచినదో చూచెను. అనేక పరీక్షలు ఏకకాలమున నడచుటచేత వరుస మారుచుండును. అదే తెలుగు ఫాంటును వాడు మరియొక పరీక్ష ముందు నడచినప్పుడు, ఫాంటు అప్పటికే యంత్రము జ్ఞాపకములో నుండుటచే ఇది నెగ్గుచుండెను. ఇదియే ముందు నడచి, పంక్తిని కొలిచిన పిమ్మట ఫాంటు చేరెనా, తప్పుచుండెను.

ఇచ్చట నేనతనికి మన ఊరి కథ యొకటి చెప్పితిని. అతని తాత పనిచేసిన చాంపియన్ రీఫ్ గనిలోనే, సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, 1965లో టాటా మౌలిక పరిశోధన సంస్థ, ఒసాకా నగర విశ్వవిద్యాలయము, డర్హం విశ్వవిద్యాలయము వారు వాతావరణమున జనించు న్యూట్రినోల జాడను పట్టిరి. భూమిపై ఇతర కణముల వాన యెడతెగక కురియుచుండగా ఆ జాడ తెలియరాదు. అందుచే రాతిని జల్లెడగా చేసికొనిరి. 1980వ దశకమున ఈ గనులలోనే ప్రోటాను క్షయమును వెదకినవారు, కొన్ని సంఘటనలు అట్టివి కావచ్చునని ప్రకటించిరి. అమెరికా, జపానులలోని పెద్ద పరికరములు దానిని బలపరుపలేదు. అయినను కంటబడినదానిని వారు పారవేయక లోకమునకు చూపిరి. నాకు వారిపై గౌరవము హెచ్చినది అందులకే.

అతడు తన పరీక్షను తక్కినవానినుండి వేరుచేసి, ఒంటిగా నడిపి, ఫాంటు కావలెననియే ఒక క్షణము ఆలస్యముగా చేరునట్లు చేసెను. ప్రతిమారును తప్పెను! రోగము పిలిచినప్పుడెల్ల పలికినచో వైద్యునకు సగము పని తీరినట్లే.

ఫాంటు చేరిన పిమ్మటనే వాక్యమును పుటలో నిలుపునట్లు పరీక్షను మార్చుట సులభోపాయము. దానితో అది ఎన్నటికిని తప్పదు. కాని ఇంజను క్రొత్త అక్షరములను చిత్రించియు, తాత్కాలికముగా వాడిన ఫాంటు కొలతలనే కొన్ని పంక్తులలో నిలుపుకొనుచున్నదని అతడు కనిపెట్టెను. లోపము పరీక్షది కాదు, ఇంజనుది. ముళబాగిలు ప్రాంతపు పల్లెలో సంకేతము మందగించిన ఫోనునందు పాఠము చదువుకొను బాలికకు ఫాంటు ఆలస్యముగానే చేరును. ఆమెకు కనబడునది ఆ తప్పిన చిత్రమే. ఆమె అక్షరమును తప్పుగా నేర్చునా, తన కన్నులనే శంకించునా?

మన లిపికి ఇట్టి కష్టములు లోగడ లేకపోలేదు. 2018 ఫిబ్రవరిలో, కంటికి కానరాని యొక సంకేతముతో కూడిన 'జ్ఞా' యను అక్షరము ఐఫోనులలోని కొన్ని యాప్‌లను కూలద్రోసెను. ఆపిల్ సంస్థ కొలది దినములలోనే దిద్దినది. అది వెంటనే అందరికిని తెలిసిన లోపము. మావాడు పట్టినది మెల్లగా, అప్పుడప్పుడు, ఎవరును ఫిర్యాదు చేయనంత చిన్నగా నుండునది.

అతడు ఆ పట్టికలో పరీక్షను చేర్చలేదు. ఫాంటును ఆలస్యపరచు పరీక్షను దాని స్థానమున నిలిపి, ఇంజనులోని తప్పును తెలుపుచు అధికారికి వ్రాసెను. దిద్దుబాటు ఇంకను పరిశీలకుల యొద్దనే యున్నది. మొన్న రైలునుండి నాకు సందేశము పంపెను: "సార్, ఇప్పుడు రోజూ తప్పుతోంది. ఒక్కసారి కూడా నెగ్గలేదు."