ఎంగిలి కాని గ్లాసు



పోయిన వారం మా డిగ్రీ మూడో సంవత్సరం పిల్లాడొకడు కారిడార్‌లో ఆపి అడిగాడు. "సార్, మీరు జూబ్లీహిల్స్‌ల బీర్లు తాగుకుంట నోట్‌బుక్‌ల ఏదో రాసుకుంటున్నరని మా అన్న చెప్పిండు. నిజమేనా?" నిజమే అన్నాను. వాడి మొహం చిన్నబోయింది. సారా వ్యతిరేక ఉద్యమం గురించి వాళ్ళకు పాఠం చెప్పింది నేనే మరి. రెండు నిమిషాల్లో తేలే జవాబు కాదు గనక ఇక్కడ రాస్తున్నా.

మాది తిరుమలగిరి. సికిందర్ జా పేరు మీద 1806లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఏర్పడింది. తెల్లవాళ్ళ పటాలాల వెనకే గుర్రాలు తోమేవాళ్ళు, బూట్లు కుట్టేవాళ్ళు, వంటా వడ్డనా చేసేవాళ్ళు కావాల్సి వచ్చారు. మా తాత పద్నాలుగేళ్ళకే ఆఫీసర్ల మెస్‌లో గ్లాసులు కడిగే పనిలో చేరాడు. ఏ మందుకు ఏ గ్లాసో ఆయనకు తెలుసు. బీరు గ్లాసుకు కొంచెం జిడ్డు అంటినా నురగ నిలవదని తెలుసు. బీరు రుచి మాత్రం దొరలు వదిలేసిన అడుగు గుక్కలోనే తెలుసు. "చేదు బిడ్డా, గని మంచి చేదు" అనేవాడు. అంటే మా ఇంట్లో బీరు చరిత్ర ఎంగిలితో మొదలైంది. ఎంగిలి అనే మాట ఎంత బరువైనదో ఓంప్రకాశ్ వాల్మీకి 'జూఠన్' చదివినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

తాత చెప్పిన ఆ చేదు పేరు నాకు ముప్పై దాటాక తెలిసింది. హాప్స్. చల్లటి దేశాల్లో పెరిగే తీగ పువ్వు. బీరు మరిగేటప్పుడు ముందే వేస్తే చేదునిస్తుంది, చివర్లో వేస్తే వాసననిస్తుంది. బీరు చెడిపోకుండా కూడా కాపాడుతుంది. లండన్ బో ప్రాంతంలోని హాడ్జ్‌సన్ బ్రూవరీ నుంచి ఈస్టిండియా కంపెనీ ఓడల్లో, నెలల తరబడి సముద్రం మీద, హాప్స్ దండిగా వేసిన బీరు ఇక్కడికి వచ్చేది. తర్వాత దాని వంశానికే 'ఇండియా పేల్ ఏల్' అనే పేరు స్థిరపడింది. మన దేశం పేరున్న బీరు మన కోసం కాచింది కాదు. తెల్లవాళ్ళలో కూడా అది ఎక్కువగా ఆఫీసర్లకు, వ్యాపారులకు. మామూలు సోల్జర్లకు నల్లటి పోర్టర్. గ్లాసులు కడిగేవాళ్ళకు అడుగు గుక్క.

2015లో తెలంగాణ ప్రభుత్వం మైక్రోబ్రూవరీ నియమాలు తెచ్చాక నగరంలో అక్కడికక్కడే బీరు కాచి పోసే చోట్లు వచ్చాయి. జీతం వచ్చిన వారం కార్ఖానా, ప్యారడైజ్, బేగంపేట మీదుగా నేను వెళ్ళేది అలాంటి చోటికే. చిన్న గ్లాసుల్లో నాలుగు రకాలు తెప్పించుకొని రుచి రాసుకుంటాను. మొన్నటివి ఇవి.

గోధుమ బీరు: అరటిపండు, లవంగం వాసన. రెంటిలో ఏదీ వేయరు, రెండూ ఈస్టు పుట్టించేవే. హాయిగా ఉంది.

మామిడి బీరు, ఎండాకాలం ప్రత్యేకం: పండు ముక్కుకు తగిలింది, నాలుకకు తగల్లేదు. పండులోని తీపిని ఈస్టు తినేస్తుంది, పులుపు మిగులుతుంది. సగం వదిలేశాను.

ఐపీఏ: పంపరపనస తొక్క గిల్లినట్టు వాసన. 1972లో అమెరికాలో విడుదలైన కాస్కేడ్ అనే హాప్స్ రకానికి ఈ వాసన పెట్టింది పేరు. చేదు మొదట గుచ్చి, తర్వాత నాలుక వెనక నిలబడింది. తాత మాట గుర్తొచ్చింది.

స్టౌట్: మాడిన గింజ, కాఫీ. ఆ ఎండలో బరువైపోయింది.

ఇప్పుడు నాయిన గురించి. డ్రైనేజీ లైన్లలోకి దిగే ముందు ఆయన సారా ప్యాకెట్ చించేవాడు. ఆ కంపు తట్టుకోవాలంటే ముందు ఒళ్ళు మొద్దుబారాలి. ముక్కు మూసుకొని గొంతులో పోసుకునేవాడు. సారా రుచి గురించి ఆయన ఒక్క మాట అనగా నేను వినలేదు. ప్రభుత్వమే 'వారుణి వాహిని' పేరుతో ప్యాకెట్లలో అమ్మించిన సారా అది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు అక్షరదీపం వాచకం చదివి సారా దుకాణం మీదికి పోయారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది. మా బస్తీలో దుకాణం ముందు అడ్డంగా కూర్చున్నవాళ్ళలో మా అమ్మ ఉంది. అప్పుడు నాకు ఐదేళ్ళు. సారా ఆగినా నాయిన ఆగలేదు. నేను ఇంటర్‌లో ఉండగా కాలేయం చెడి పోయాడు.

అంతకుముందే, 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ మన బస్తీల్లో తాగుడు మానమని చెప్తూ తిరిగాడు. మన ఉద్యమానికి తాగుడు మీదున్న కోపానికి లెక్కలేనన్ని చావులు సాక్ష్యం. ఆ కోపాన్ని తగ్గించడానికి నేనిది రాయడం లేదు.

నేను అడిగేది వేరు. మా అమ్మమ్మ ఊళ్ళో కల్లుకూ కాలాలున్నాయి. చలికాలం ఈత కల్లు. తాటి కల్లులో పోద్దాడు, పరుపుదాడు, పండుదాడు. గుక్క నోట్లో పడగానే ఏ చెట్టుదో చెప్పేవాళ్ళుండేవారు. మనోళ్ళు ముంత ఇంటినుంచి తెచ్చుకొని, దూరంగా కూర్చొని, పైనుంచి పోయించుకునేవాళ్ళట. వాళ్ళ నాలుకను ఎవరూ రసజ్ఞత అనలేదు. నగరంలో 2004లో మూసి 2014లో మళ్ళీ తెరిచిన కల్లు కాంపౌండ్లలో క్లోరల్ హైడ్రేటు, డైజోఫాం కలిపిన కల్లు పట్టుబడుతూనే ఉంది. జూబ్లీహిల్స్ గ్లాసుకు చేదెంతో, ఆల్కహాలెంతో బోర్డు మీద రాసి ఉంటుంది. కూలివాడి సీసాలో ఏముందో వాడు ఆస్పత్రిలో పడ్డాకే తెలుస్తుంది. డాక్టరేట్ కోసం రసాస్వాదన మీద పుస్తకాలు చాలా చదివాను. ఆస్వాదించడానికి సహృదయుడు కావాలంటారు. తీరిక, కడుపునిండా తిండి, కల్తీలేని సరుకు కూడా కావాలని ఏ ఆలంకారికుడూ రాయలేదు.

అసలు సంగతి ఇక్కడుంది. ఆ రోజు గ్లాసులు తీసే కుర్రాడు నన్ను గుర్తుపట్టాడు. "అన్నా, మీది తిరుమలగిరి కదా? మాది లాల్ బజార్." పాతికేళ్ళుంటాయి. ఇవన్నీ ఎప్పుడైనా రుచి చూశావా అని అడిగాను. "డ్యూటీల తాగొద్దన్నా. ఎప్పుడన్నా మిగిలింది..." అని ఆగిపోయాడు. నేను సగం వదిలేసిన మామిడి బీరు అప్పటికే వాడి ట్రేలో ఉంది. నోట్‌బుక్ మూసేశాను. మూడు తరాల్లో గ్లాసుకు ఇవతలి నుంచి అవతలికి నేనొక్కణ్నే వచ్చాను. గ్లాసు కడిగేది ఇంకా మనవాడే.

తర్వాతి వారం వాడి సెలవు రోజున ఇంకో చోటికి తీసుకెళ్ళాను. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఎవరి గ్లాసులు వాళ్ళవి. వాడు ఐపీఏ ఒక గుక్క తాగి మొహం ముడుచుకున్నాడు. "ఇంత చేదా అన్నా? దీనికి మూడొందలు పెడ్తరా?" గోధుమ బీరు నచ్చింది. "గిది అరటిపండు లెక్కుంది" అన్నాడు. నేనేమీ చెప్పకముందే.

ఆ మాట నోట్‌బుక్‌లో వాడి పేరు కింద రాసుకున్నాను.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. ఆమె ఒక్కటే అడిగింది. "ఎన్ని గ్లాసులు తాగినవ్?" చిన్నవి రెండు అన్నాను. "రేపు కాలేజీ ఉన్నది. పండుకో" అంది. ఆమెకు సంజాయిషీ చెప్పగలిగినన్ని రోజులే ఈ నోట్‌బుక్ నడుస్తుంది. ఆ రోజు దాటితే మానేస్తాను.

కారిడార్‌లో అడిగిన తమ్ముడూ, నిన్ను తాగమని అనడం లేదు. తాగకపోతే ఇంకా మంచిది. కానీ రేపు ఎవడైనా మీ నాయినను తాగుబోతు అంటే, ఆయన ఏం పనికి దిగేవాడో, ఆయన సీసాలో ఏం కలిపారో, ఎవరు కలిపారో ముందు అడుగు. మిగతాది క్యాంటీన్‌లో మాట్లాడుకుందాం. చాయ్ నాది.

జై భీమ్.