అరచేతిలోని ముల్లు

పాత గారడీ పుస్తకాలు చదివే అలవాటు నాకున్నదంటే మిత్రులు నవ్వుతారు. వయసు మీరినవాడికి ఈ పిల్లల వేడుక ఎందుకని వారి ప్రశ్న. బస్తర్‌లో బడిపంతులుగా ఉన్న రోజులలో జరిగిన ఒక సంగతే దానికి నా సమాధానం.

ఆ పుస్తకాలలో నాకు మిక్కిలి ప్రియమైనది, ఇంగ్లండులోని కెంట్ ప్రాంతపు రెజినాల్డ్ స్కాట్ 1584లో ప్రకటించిన గ్రంథం. మంత్రగత్తెలన్న పేరుతో దిక్కులేని ముసలివారిని పీడించడం చూచి సహించలేక ఆయన దానిని వ్రాశాడు. లోకం అద్భుతాలని భ్రమించే వాటిని మనిషి చేయి ఎట్లా చేయగలదో చూపడానికి, పదమూడవ భాగంలో గారడీ రహస్యాలను బొమ్మలతో సహా వివరించాడు. బంతిని దాచడం, నాణెం మాయం చేయడం, నాలుకలో దబ్బనం గుచ్చుకొన్నట్లు కనిపించడం అందులో ఉన్నవి. తరువాతి గారడీ పుస్తకాలు అనేకం దాని నుండి ఎరువు తెచ్చుకొన్నవే. వినోదం కోసం చేసే గారడీని ఆయన తప్పుపట్టలేదు. దానితో జనాన్ని వంచించడమే తప్పన్నాడు.

మా ఊరిలో ఒక పిల్లవాడు జ్వరంతో మంచం పట్టాడు. మంత్రవైద్యుడైన గునియా వచ్చి, వాడి పొట్టపై నోరుంచి పీల్చి, నెత్తురంటిన ముల్లొకటి తీశాడు. ఎవరో పంపిన ముల్లన్నాడు. వెంటనే అందరి చూపులూ ఊరి చివర గుడిసెలోని ఒక వితంతువు వైపు మళ్లినవి. టోనహీ, అనగా మంత్రగత్తె, అన్న మాట ఎవరూ పలకలేదు. అట్లా వేలెత్తి చూపడం నేరమని ఛత్తీస్‌గఢ్ 2005లో చట్టం చేసినది. కాని చూపులను చట్టం ఏమి చేయగలదు?

అందరూ గునియా నోటిని చూస్తున్నప్పుడు నేను అతని ఎడమచేతిని చూచాను. ఆ చూపు నాకు స్కాట్ నేర్పినదే.

పిల్లవాణ్ణి ఆసుపత్రికి పంపించి, ఆ రాత్రి ఒంటరిగా గునియా ఇంటికి వెళ్లాను. నలుగురిలో నవ్వితే, పరువు కోసం ఆమె పేరే పలుకుతాడని నా భయం. ఏమీ అనకుండా నా మోచేతి నుండి ఒక ముల్లు తీసి అతని ముందుంచాను. అతడు చాలసేపు దానిని చూచాడు.

"ఎవరు నేర్పారు, గురూజీ?"

"ఒక పుస్తకం, దాదా."

"నాకు మా నాయన నేర్పాడు. ముల్లు కంటబడితే రోగికి ధైర్యం వస్తుంది."

"పిల్లవాడికి ధైర్యం, సరే. మరి ఆమెకో?"

అతడు బదులు చెప్పలేదు. మర్నాడు ఇప్పచెట్టు కింద నలుగురి ఎదుట, ఆ ముల్లు అడవిదే గాని మనిషి పంపినది కాదన్నాడు.

అది పూర్తి సత్యం కాదు. అతని రహస్యాన్ని నేను బయటపెట్టకపోవడం నేటికీ నన్ను గుచ్చుతూనే ఉన్నది. అయినా ఆమె తన గుడిసెలోనే ఉండగలిగినది. ఆ పుస్తకమే లేకుంటే నేనూ అందరితోపాటు అతని నోటినే చూచేవాణ్ణి. ఆ తరువాత, అందరితోపాటు, ఆమె గుడిసె వైపు.