అమ్మ కాలి ఆనెకాయ

ఇండియా వెళ్ళిన ప్రతిసారీ గుమ్మంలోనే వంగి అమ్మ కాళ్ళకి దణ్ణం పెడతాను. 18 ఏళ్ళుగా అదే అలవాటు. అయినా ఆ కాళ్ళు ఎలా ఉన్నాయో ఒక్కసారీ చూడలేదు. ఆ సంగతి మొన్నటి చలికాలంలో ఇక్కడ, న్యూజెర్సీలో తెలిసొచ్చింది.

అమ్మ ఆరునెలలు ఉండి వెళ్దామని వచ్చింది. మంచులో చెప్పులేం పనికొస్తాయని, అంచనా మీద బూట్లు కొన్నాను. రెండు నెలలకి కుంటడం మొదలుపెట్టింది. అడిగితే "చలికి కాళ్ళు పట్టేశాయిరా" అంది. ఒకరోజు పొద్దున్నే చూద్దును కదా, బాత్‌రూములో స్టూలు మీద కూర్చుని, నా షేవింగు బ్లేడుతో చిటికెనవేలి మీద ఆనెకాయ చెక్కుకుంటోంది! నెత్తురు కారుతోంది.

"నొప్పేం లేదురా, కంగారు పడకు" అంది. భయపడాల్సింది ఆ మాటకేనని అప్పుడు నాకు తెలీదు. అమ్మకి 12 ఏళ్ళుగా షుగరు.

మందుల షాపుకి పరిగెత్తి కార్న్ క్యాపులు తెచ్చాను. అట్టపెట్టె మీద సన్నటి అక్షరాల్లో, షుగరున్నవాళ్ళు వాడకూడదని ఉంది. వాటిలో ఉండేది 40 శాతం సాలిసిలిక్ ఆసిడ్. మన ఊళ్ళో పూసే జిల్లేడు పాలలాగే, గట్టిపడ్డ చర్మంతోబాటు పక్కనున్న మంచి చర్మాన్నీ తినేస్తుంది. స్పర్శ తగ్గిన కాలికి అది పుండయినా తెలీదు.

పాదాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ అమ్మని కళ్ళు మూసుకోమని, సన్నటి నైలాను దారాన్ని అరికాలి మీద అక్కడక్కడా తాకించింది. నాలుగైదు చోట్ల తాకించాక అమ్మ నన్నడిగింది, "ఇంకా మొదలుపెట్టలేదా?" అని.

గాయానికి కట్టు కట్టి పంపింది. అది మానాక, ఆనెకాయని చిన్న కత్తితో పొరలు పొరలుగా తీసేసింది. చుక్క నెత్తురు రాలేదు. "బూట్లు మార్చకపోతే మళ్ళీ వస్తుంది" అంది. ఆనెకాయకి వేరుంటుందని మనవాళ్ళంటారు. వేరేమీ ఉండదట. ఒకేచోట పడే ఒత్తిడికి చర్మం గట్టిపడి లోపలికి మేకులా దిగుతుందట. షుగరు లేనివాళ్ళయితే గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి ప్యూమిస్ రాయితో మెల్లగా రుద్దుకోవచ్చు. ఎవరికైనా ఇరుకు బూటు వదలందే అది వదలదు. ఆ ఇరుకు బూటు కొన్నది నేనే.

ఆ సాయంత్రం అమ్మ పాదాన్ని కాగితం మీద పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీశాను. ఆ కొలతకి, వేళ్ళ దగ్గర వెడల్పుగా ఉన్నవి కొన్నాను.

ఇప్పుడు అమ్మ మన ఊళ్ళోనే ఉంది. ప్రతి ఆదివారం వీడియోలో "కాళ్ళు చూపించమ్మా" అంటాను. "ముందు మొహం చూడరా!" అని నవ్వి, ఫోను కిందకి తిప్పుతుంది.