కెమెరా ముందు తాకట్టు కొట్టు

తాకట్టు కొట్టుకు వెళ్లే మనిషి ఏ ఊళ్లోనైనా ఒక్కలాగే వెళ్తాడు. అటూ ఇటూ చూసి, తెలిసినవాళ్లెవరూ లేరని రూఢి చేసుకున్నాక మెట్లెక్కుతాడు. కొంగున ముడేసిన గాజుల జత అయినా, కోటు జేబులోని పెళ్లి ఉంగరమైనా కౌంటరు చేరేదాకా బయటికి రాదు. ఇంత గుట్టు మీద నడిచే వ్యాపారంలోకి లైట్లూ మైకులూ పట్టుకుని టీవీ బృందం దిగితే ఏమవుతుందో లాస్ వేగాస్‌లోని గోల్డ్ అండ్ సిల్వర్ పాన్ షాప్‌ను చూస్తే తెలుస్తుంది. పాన్ అంటే అక్కడ తాకట్టు.

ఆ కొట్టు పెట్టిన రిచర్డ్ హారిసన్ అమెరికా నౌకాదళంలో పనిచేసి వచ్చినవాడు. శాన్ డియేగోలో ఇళ్ల స్థలాల వ్యాపారం దెబ్బతిన్నాక, 1981లో పెళ్లాం పిల్లలతో లాస్ వేగాస్ చేరాడు. మొదట చిన్న నాణేల దుకాణం తెరిచాడు. 1989లో కొడుకు రిక్‌తో కలిసి లాస్ వేగాస్ బులెవార్డ్ మీద తాకట్టు కొట్టు పెట్టాడు. మనవడు కోరీ, ఆ మనవడి చిన్ననాటి స్నేహితుడు చమ్లీ కూడా అందులోనే పనికి కుదిరారు. తన కొట్టును టీవీలో చూపించాలని రిక్ ఏళ్ల తరబడి తిరిగాడు. చివరికి 2009 జులై 19న హిస్టరీ ఛానెల్‌లో ‘పాన్ స్టార్స్’ మొదలైంది. రెండేళ్లు తిరక్కముందే ఆ ఛానెల్‌లో అన్నిటికన్నా ఎక్కువమంది చూసే కార్యక్రమం అదే అయింది.

తెర మీద అంతా తేలిగ్గా జరిగిపోతుంది. ఒకాయన పాత తుపాకీ పట్టుకుని లోపలికొస్తాడు. రిక్ దాని చరిత్ర చెప్తాడు. అనుమానమొస్తే అప్పట్లో క్లార్క్ కౌంటీ మ్యూజియం అధికారిగా ఉన్న మార్క్ హాల్ ప్యాటన్‌లాంటి నిపుణుడికి కబురు వెళ్తుంది. బేరం తెగుతుంది, లేదా చెడుతుంది. తెరవెనుక దీనికి చాలా సరంజామా కావాలి. ఏ వస్తువును చూపించాలో, ఎవరు తేవాలో నిర్మాతలు ముందే ఎంచుకుంటారు. చిత్రీకరణ జరిగేటప్పుడు తలుపులు మూసేసి, అందులో కనిపించాల్సినవాళ్లను మాత్రమే లోపలికి రానిస్తారు. ఏ చిన్న దుకాణంలో షూటింగ్ పెట్టినా గొడవ ఇలాంటిదే. మైకుకు అడ్డమని ఏసీ ఆపమంటారు, ఫ్రిజ్ ఆపమంటారు. తలుపు తీసుకుని లోపలికి రావడమే నాలుగుసార్లు చేయిస్తారు. ఆ పూట బోణీ అయిందా లేదా అన్నది వాళ్ల లెక్కలో ఉండదు.

హారిసన్ల కొట్టుకు మాత్రం ఆ లెక్క తొందరగానే తేలింది. కార్యక్రమానికి ముందు రోజుకు 70 నుంచి 100 మంది దాకా వచ్చేవాళ్లు. 2010 అక్టోబరు నాటికి ఆ సంఖ్య ఏడువందలు దాటింది. దాదాపు 30 మందిని కొత్తగా పనిలోకి తీసుకోవలసి వచ్చింది. కొట్టును పెంచారు. యజమానుల బొమ్మలు వేసిన టీషర్టులు ఉంగరాలతో, గడియారాలతో పాటు అమ్ముడయ్యాయి. బయట ఎండలో క్యూ కట్టినవాళ్లలో తాకట్టు పెట్టడానికి వచ్చినవాళ్లకన్నా చూసిపోవడానికి వచ్చినవాళ్లే ఎక్కువ. ఒక కుటుంబం చేతి కష్టంతో నిలబెట్టుకున్న కొట్టుకు ఇంత గిరాకీ రావడం సంతోషించవలసిన సంగతే. ముప్పై ఇళ్లకు జీతం అందడం చిన్న విషయం కాదు.

అయితే ఆ కౌంటరు దగ్గర నిలబడే హక్కు మాత్రం రిచర్డ్, రిక్, కోరీ, చమ్లీ నలుగురికీ పోయింది. చట్టం ప్రకారం తాకట్టు పెట్టేవాళ్లెవరో గోప్యంగా ఉంచాలి. రిక్ కౌంటరు వెనక కనిపిస్తే చాలు, వచ్చినవాళ్లందరి ఫోన్లూ అటు తిరుగుతాయి. ఆ ఫోటోల్లో, వీడియోల్లో అవతల నిలబడ్డ మనిషి ముఖం కూడా పడుతుంది. ఇంటద్దె కోసం భార్య గొలుసు తెచ్చినవాడి ముఖం ఎవరో పర్యాటకుడి ఆల్బమ్‌లోకి ఎక్కడం ఎంత అన్యాయం! అందుకే టీవీలో కనిపించే నలుగురూ మామూలు వేళల్లో కౌంటరు దగ్గర పనిచేయడం మానేశారు. షూటింగ్ ఉన్నప్పుడే అక్కడికి వచ్చేవాళ్లు. వస్తువును చేత్తో తూచి, మనిషిని కళ్లతో తూచి ధర చెప్పడం నేర్చుకున్న వ్యాపారికి ఇది నిజంగా పెద్ద నష్టం. ఏ పని బాగా వచ్చినందుకు టీవీ వాళ్లు వెతుక్కుంటూ వచ్చారో, ఆ పనే చేతిలోంచి జారిపోయింది.

మరో మార్పు కూడా ఉంది, దాన్ని గమనించేవాళ్లు తక్కువ. తాకట్టు కొట్టుకు అసలు ఆధారం అప్పులు. వస్తువు పెట్టి డబ్బు తీసుకెళ్లి, గడువులోగా అసలూ వడ్డీ కట్టి విడిపించుకునేవాళ్లే దాన్ని నడిపిస్తారు. తెర మీద మాత్రం ఎక్కువగా కనిపించేది అమ్మకాలే. పాత నాణెం, యుద్ధకాలపు కత్తి, సంతకమున్న ఉత్తరం. ప్రతి నెలా అదే గొలుసుతో వచ్చే మనిషి కథ కెమెరాకు పనికిరాదు, అతనూ అది చూపించమని అడగడు. అలా కోట్లమంది చూసిన ఆ కొట్టులో దాని అసలు వ్యాపారం కనపడకుండానే ఉండిపోయింది.

టీవీకి ఒప్పుకునే ముందు ఏ వ్యాపారైనా కాగితాలు చదవాలి అనడానికి ‘షార్క్ ట్యాంక్’ ఒప్పందమే సాక్ష్యం. వ్యాపారులు తెర మీద పెట్టుబడి అడిగే ఈ కార్యక్రమం కూడా అదే 2009లో అమెరికాలో మొదలైంది. అందులో తొలి ఏళ్లలో ఒక షరతు ఉండేది. పెట్టుబడి దొరికినా దొరక్కపోయినా, తెర మీద కనిపించినందుకే కంపెనీలో 5 శాతం వాటా గానీ, లాభాల్లో 2 శాతం గానీ నిర్మాణ సంస్థకు చెందాలి. పెట్టుబడిదారుల్లో ఒకరైన మార్క్ క్యూబన్ పట్టుబట్టాక 2013లో దాన్ని తీసేశారు. మంచి కంపెనీలు ఈ షరతు చూసి రావడం లేదన్నది ఆయన వాదన. న్యాయమైన మాట.

ఆ కార్యక్రమం మన దేశానికి 2021 డిసెంబర్‌లో వచ్చింది. మొదటి సీజన్‌లోనే హైదరాబాద్ నుంచి ‘స్కిప్పీ’ అనే ఐస్ పాప్స్ కంపెనీ వెళ్లింది. కంపెనీ నడిపే దంపతులు 5 శాతం వాటాకు 45 లక్షలు అడిగారు. ఐదుగురు పెట్టుబడిదారులూ కలిసి 15 శాతానికి కోటి రూపాయలు ఇస్తామన్నారు. ఐదుగురూ ఒక్కమాట మీదికి రావడం అక్కడ అదే మొదటిసారి. చప్పట్లు కొట్టాల్సిన ఘట్టమే. కానీ చప్పట్లయ్యాక మిగిలేది లెక్కల పనే. తెర మీది కరచాలనం తర్వాత ఖాతా పుస్తకాలు తనిఖీ అవుతాయి, లాయర్లు కూర్చుంటారు, డబ్బు ఆ తర్వాతే వస్తుంది. ఈలోగా చూసినవాళ్లంతా ఆ రాత్రే సరుకు అడుగుతారు. గిడ్డంగిలో సరుకు లేకపోతే పేరు వచ్చిన రోజే మాట పోతుంది.

లాస్ వేగాస్ కొట్టులో పెద్దాయన రిచర్డ్‌ను అందరూ ‘ముసలాయన’ అనే పిలిచేవాళ్లు. ముప్పై ఎనిమిదేళ్లకే ఆ పేరు పడిందట. 1994 తర్వాత ఆయన జబ్బు చేసిందని ఒక్కరోజు కూడా పని మానలేదని కొడుకు చెప్పుకునేవాడు. కౌంటరుకు అంతగా అలవాటుపడ్డ మనిషి, కొట్టుకు అందరికన్నా ఎక్కువ పేరొచ్చిన ఏళ్లలో ఆ కౌంటరుకు దూరంగా ఉండాల్సి వచ్చింది. 2018 జూన్ 25న, 77 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశాడు.