కొరియాకి వెళ్ళిన కథ కోరుట్లకి రాదా?

ప్రేమ నవలలంటే నాకు మొదట్నించీ చిన్నచూపే. హాస్టల్లో ఎవడైనా చదువుతుంటే ఏడిపించిన బాపతు. అలాంటిది మొన్న దసరాకి ముందు ఓ ప్రేమ నవల పట్టుకుని, రెండ్రోజులు ఆఫీసు కాల్స్‌ మ్యూట్‌లో పెట్టి మరీ చదివాను. మా మేనేజర్‌కి తెలుగు చదవడం రాదన్న ధైర్యంతో చెప్తున్నా :)

నవల పేరు ఫింగర్‌స్మిత్. రాసింది సారా వాటర్స్. 2002లో వచ్చింది, ఆ ఏడు బుకర్ తుది జాబితాలోనూ ఉంది (బహుమతి మాత్రం లైఫ్ ఆఫ్ పై కొట్టేసింది). కథ 1862 నాటిది. అంటే మన దగ్గర నిజాం రాజ్యం, సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్న రోజులు. లండన్‌లో దొంగల ఇంట్లో పెరిగిన సూ అనే అమ్మాయి, మాడ్ అనే ఆస్తిపరురాలి దగ్గర పనిమనిషిగా చేరుతుంది. మాడ్‌కి ఓ మోసగాడితో పెళ్ళి చేయించి, ఆస్తి లాక్కుని, ఆమెని పిచ్చాసుపత్రిలో పడేయాలని ప్లాను. తీరా సూ ఆ అమ్మాయినే ప్రేమిస్తుంది. ఇంతకుమించి చెప్పను. మొదటి భాగం చివర మాత్రం సోఫాలోంచి లేచి నిలబడ్డాను. ప్రొడక్షన్ సర్వర్ పడిపోయినప్పుడు తప్ప నేనలా లేచింది లేదు.

ఇద్దరాడవాళ్ళ ప్రేమకథ అనగానే నేనూ "ఆ టైపు" సీన్లే ఉంటాయనుకున్నా, అబద్ధమెందుకు. కానీ నాకు గుర్తుండిపోయింది వేరే. మాడ్‌కి ఓ పన్ను మొనదేలి నోట్లో గుచ్చుకుంటుంటే, సూ దర్జీలు వాడే అంగుస్తానా వేలికి తొడుక్కుని ఆ పన్నుని మెల్లగా అరగదీస్తుంది. అంతే సీను. అక్కడే పుస్తకం మూసేసి కాసేపు కూర్చుండిపోయా.

ఎందుకంటే నాకు మా మేనత్త గుర్తొచ్చింది.

కోరుట్లలో ఉండేది. మామ పెళ్ళయిన రెండేళ్ళకే వదిలేసి బొంబాయి పోయాడు. ఆమె, ఆమె దోస్తు ఒకే కిరాయింట్లో ఉంటూ బీడీలు చేసేవాళ్ళు. ఒళ్ళో చాట, తునికాకు, తంబాకు. దారంతో అత్తమ్మ వేళ్ళు కోసుకుపోయేవి. రాత్రి దీపం దగ్గర కూర్చుని ఆ దోస్తు ఒక్కో వేలికీ కొబ్బరినూనె రాసేది. సద్దుల బతుకమ్మకి ఇంటికో బతుకమ్మ పేరుస్తారు కదా, వీళ్ళిద్దరూ కలిసి ఒకటే పేర్చేవాళ్ళు. మేము ఆమెనీ అత్తమ్మా అనే పిలిచేవాళ్ళం. ఎన్నేళ్ళంటే, ఇరవై పైనే.

2011లో అత్తమ్మ పోయింది. అప్పటికి నాకు హైద్రాబాదులో ఉద్యోగం. ఇల్లు ఖాళీ చేస్తుంటే ఆమె అడిగింది ఒక్కటే: "గా ఆకు కత్తెర నేను తీస్కపోత."

"దినాలు కానియ్యి. మనింటి సామాను బయటోళ్లకు ఎట్లిస్తం? గామె మనకేమైతది?" అన్నాడు పెదనాన్న.

ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. పొద్దున్నే రిలీజుందని చెప్పి జేబీఎస్ బస్సెక్కేశా. కత్తెర కరీంనగర్‌లో మా ఇంటికొచ్చింది. అమ్మ దాంతో పాల ప్యాకెట్లు కోస్తుంది.

వాళ్ళిద్దరి మధ్య ఏముండేదో నాకు తెలీదు. ప్రేమా, దోస్తానా, ఒకరికొకరు ఆసరానా.. నేను పేరు పెట్టను. కానీ "ఏమైతది" అనే ప్రశ్నకి మా దగ్గర జవాబు లేకపోవడం వల్ల, ఇరవై ఏళ్ళు కలిసి బతికిన మనిషి పదకొండో రోజుకి బయటిదైపోయింది. చట్టం దగ్గరా అంతే. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ళది నేరం కాదంది. 2023 అక్టోబర్ 17న మాత్రం, అలాంటి జంటల పెళ్ళిని గుర్తించడం పార్లమెంటు పని అంది. అంటే "నేరం కాదు" దాకా వచ్చాం, "ఏమైతది" దగ్గర ఆగిపోయాం.

ఇక్కడే వాటర్స్ నాకు నచ్చింది. ఆవిడ పీహెచ్‌డీ చేసిందే ఇలాంటి ప్రేమల చారిత్రక నవలల మీద. ఆ తర్వాత తనే రాయడం మొదలుపెట్టింది. రికార్డుల్లో ఆడవాళ్ళెప్పుడూ ఫలానా వాడి భార్య, ఫలానా వాడి బిడ్డ. ఇద్దరాడవాళ్ళు కలిసి బతికితే రాయడానికి కాలమే లేదు. డేటాబేస్‌లో ఫీల్డు లేనంత మాత్రాన మనిషి లేనట్టు కాదు కదా! ఆ ఖాళీని ఊహతో పూరించడమే ఇలాంటి నవల చేసే పని. అదీ నీతిపాఠంలా కాదు, దొంగతనాలతో, మోసాలతో, నిద్ర పట్టనివ్వకుండా.

పార్క్ చాన్-వూక్ ఈ కథని 1930ల కొరియాకి మార్చి 2016లో ద హ్యాండ్‌మెయిడెన్ అనే సినిమా తీశాడు. అక్కడా చక్కగా ఒదిగింది. కొరియాకి వెళ్ళిన కథ కోరుట్లకి రాదా? ఎవరైనా తెలుగులో రాయండి, మొదటి కాపీ నేను కొంటా.

అన్నట్టు, మొన్న సద్దుల రోజు కత్తెర తీసుకుని కోరుట్ల వెళ్ళాను. ఆమె చూపు తగ్గింది, బీడీలు మానేసింది. కత్తెర చేతికిస్తే బొటనవేలితో అంచు తడిమి చూసింది.

"మొద్దువారింది బిడ్డా. సాన వట్టియ్యాలె" అంది.

పట్టించుకొచ్చి ఇచ్చాను. పదేళ్ళకి పైగా ఆలస్యంగా.