ఇంజన్ నంబరు

"మగవాళ్ళెవరన్నా ఉంటే పంపించండమ్మా, మాట్లాడతాను."

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు యజమాని మా అమ్మతో అన్న మాట ఇది. పక్కనే నేనున్నాను. సాహిత్యంలో డాక్టరేటు చేసినదాన్ని. ఆ ఒక్క వాక్యం మీద ముప్పై పేజీలు రాయగలను గానీ, ఆ నిమిషాన నోరు పెగల్లేదు. అమ్మే అంది: "బండి నాది, డబ్బు నాది. చెప్పేదేదో నాకే చెప్పు బాబూ."

నిజానికి కాగితాల ప్రకారం బండి అమ్మది కాదు. ఆ సంగతి తర్వాత తెలిసింది.

అది మహీంద్రా ఆర్మడా. నాలుగు చక్రాలూ లాగే రకం. 1996లో నాన్న కొన్నాడు. వీరులపాడు వైపు నల్లరేగడి డొంకల్లో గట్టిగా వాన పడితే ట్రాక్టరూ, ఇదీ తప్ప ఏవీ కదలవు. నాన్న ఉన్నన్నాళ్ళూ ముందు సీటు ఆయనదీ, తమ్ముడిదీ. అమ్మ వెనక మిరప బస్తాల మధ్య కూర్చునేది. ఆయన పోయి ఆరేళ్ళు. సేద్యమంతా అమ్మదే. మొన్న వేసవిలో నీళ్ళ పైపు పగిలి, ఇంజన్ కాగిపోయి, హెడ్డు చీలింది, బ్లాకూ పాడైంది.

"పాత ఇనుముకి అమ్మేయండి" అన్నాడు తమ్ముడు ఫోన్లో.

అమ్మ వినలేదు. నేను నాకు తెలిసిన పద్ధతిలో నోటుబుక్కు తెరిచాను. పాతదానిలాంటి ప్యూజో రకం ఇంజనే మరొకటి వెతకాలి, లేదా మహీంద్రావాళ్ళ డి.ఐ. ఇంజన్ ఎక్కించాలి. ప్యూజోది 2112 సీసీ. డీజిలు ముందుగా ఒక చిన్న గదిలో మండుతుంది కనక చప్పుడు తక్కువ. కానీ చలికి హీటరు ప్లగ్గులు వేడెక్కితే గానీ అంటుకోదు, సామాన్లు దొరకడమూ తగ్గుతోంది. డి.ఐ.లో డీజిలు నేరుగా పిస్టన్ మీద పడుతుంది. నూనె ఆదా, సామాన్లకు కొదవలేదు. కానీ మోత, అదురు ఎక్కువ. మౌంటింగులు మార్చాలి, రవాణా ఆఫీసు అనుమతీ తేవాలి. నేను డి.ఐ. వైపే మొగ్గాను.

అమ్మ అంతా విని, "అదురు ఎక్కువంటున్నావుగా. ముప్పయ్యేళ్ళ బండి ఒళ్ళు తట్టుకుంటుందా?" అంది. నా నోటుబుక్కులో ఆ ప్రశ్నే లేదు.

పాత రకం ఇంజనే చూద్దామంది. షెడ్డులో స్టార్ట్ చేయించి, నూనె పోసే మూత తీసి, ఆ కంత మీద అరచెయ్యి పెట్టింది. "పొగ తన్నుతోంది. రింగులు పోయినయ్. ఇది వద్దు." రెండోదీ వద్దంది. మూడోదాన్ని పూర్తిగా చల్లారనిచ్చి, మళ్ళీ స్టార్ట్ చేయించి ఒప్పుకుంది. షెడ్డాయన ఆ తర్వాత మగవాళ్ళ ఊసెత్తలేదు.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నాను. "ఏటి గట్టున ఆయిలింజను హ్యాండిలు తిప్పిందెవరనుకున్నావే? మీ నాన్నా?"

నా చిన్నప్పుడు ఆమె చీర కుచ్చిళ్ళు బిగించి హ్యాండిలు తిప్పడం నేను చూశాను. అది నాకు చాకిరీలాగే కనపడింది గానీ, విద్యలా కనపడలేదు. ఆడవాళ్ళ శ్రమ గురించి వ్యాసాలు రాసిన నాకు!

ఇంజన్ మారితే కొత్త నంబరు ఆర్.సి.లో ఎక్కించాలి. ఆర్.సి. నాన్న పేరునే ఉంది. ముందు వారసురాలిగా బండి అమ్మ పేరుకు మారాలి. తమ్ముడూ, నేనూ అభ్యంతరం లేదని సంతకాలు చేశాం. ఆ బల్ల దగ్గరే మొదటిసారి అడిగాను, "పొలం ఎవరి పేరుమీద ఉందమ్మా?"

"ఆయన పేరుమీదే. మీరెవరు అడిగారు గనక?"

ఆడపిల్లల ఆస్తి హక్కు గురించి మన రాష్ట్రంలో 1986లో వచ్చిన చట్టాన్ని ఏటా క్లాసులో చెబుతాను. ఆరేళ్ళుగా అమ్మ దున్నుతున్న నేల ఎవరిదో అడగలేదు. మేమిద్దరం మా వాటాలు వదిలి రాసిస్తే పొలం ఆమెదవుతుంది. "బండికి పెట్టినట్టే దానికీ పెడతావా సంతకం?" అంది నవ్వుతూ. వెంటనే అవునని అనలేకపోయాను. నా కూతురి చదువు గుర్తొచ్చింది. ఆ ఒక్క క్షణం అమ్మ కళ్ళబడింది. ఆమె ఏమీ అనలేదు.

పెడతానని ఆ రాత్రి చెప్పాను. తమ్ముడు "చూద్దాంలే" అన్నాడు, ఇంకా చూస్తూనే ఉన్నాడు.

ఆర్.సి. మాత్రం వచ్చింది. అమ్మ పేరు, కింద కొత్త ఇంజన్ నంబరు. అరవై రెండేళ్ళ అమ్మ ఇప్పుడు పొద్దున్నే డొంకలో క్లచ్చు నేర్చుకుంటోంది. పక్క సీట్లో నేను కూర్చుంటున్నాను.